గడ్డికి పాసుబుక్కు



ఇందాక నా భుజాన కప్పిన గొంగడి చాలా తేలిగ్గా ఉంది. ఆహ్వాన సంఘం వారు ఏమీ అనుకోకపోతే ఒక మాట. దీనికి గొర్రె వాసన లేదు, చింతగింజల గంజి పెట్టిన గరుకూ లేదు. మిల్లు సరుకు. తప్పు వారిది కాదు. గుంటమగ్గం మీద నేసిన నల్ల గొంగడి కావాలంటే ఎవరినడగాలో నాకూ చప్పున తోచదు. కురుమల ఇళ్లలో మగవాళ్లు ఉన్ని కత్తిరిస్తే ఆడవాళ్లు వడికేవారు. ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక. ఇప్పుడు చాలాచోట్ల ఉన్నికి వచ్చే ధర కత్తిరింపు కూలికే చాలడం లేదు. కత్తిరించిన ఉన్నిని గట్టున పారేసి మంద ముందుకు సాగిపోతుంది. గద్దర్ భుజాన చూసిన మన తరానికి గొంగడి అంటే పాట. కాపరికి అది పనిముట్టు.

ఆ కాపరి మేత గురించే ఈ మాటలు. నా చదువు సాహిత్యం గనుక కాటమరాజు కథ దగ్గర మొదలుపెడతాను. కొమ్ములవాళ్లు పాడే ఆ కథను మనం వీరగాథ అంటాం. నా మటుకు నాకు అది మేత దావా. కరువొచ్చి కాటమరాజు ఆలమందలతో నెల్లూరు సీమకు దిగాడు. నల్లసిద్ధిరాజుతో ఒప్పందం కుదిరింది: మందను మేయనిస్తే పుట్టిన కోడెదూడలు రాజువి. తర్వాత రాజు ఉంపుడుకత్తె చిలుక గొల్లల చేతిలో చచ్చింది, దానికి ఆమె మందలోని ఆవులను చంపించింది, ఇక పుల్లరి, అంటే మేత పన్ను, కట్టనని కాటమరాజు భీష్మించాడు. పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాటి యుద్ధం అలా వచ్చింది. రాజు సేనాని ఖడ్గతిక్కన నేలకొరిగింది అందులోనే.

కత్తుల సంగతి అలా ఉంచండి. ఆ ఒప్పందంలో మందగాడు ఒక పక్షం. నా పశువుకు రక్షణ లేనప్పుడు నీకు పుల్లరి చెల్లదు అని రాజుతో అనగలిగాడు. 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయిందీ పుల్లరి తగవులోనే. అప్పటికి రాజు స్థానంలో అటవీశాఖ కూర్చుంది. ఒప్పందం పోయి రశీదు మిగిలింది.

ఆ మేత కోసమే ఇప్పటికీ పాలమూరు కాపరులు కోతలయ్యాక నల్లమల వైపు, కృష్ణా ఆయకట్టు వైపు కదిలి, తొలకరికి ఇంటిదారి పడతారు. ఒకప్పుడు గాడిదల మీద సాగిన సామాను ఇప్పుడు ట్రాలీ ఆటోలో సాగుతోంది: మంద చుట్టూ కట్టే వలలు, వంటగిన్నెలు, నడవలేని గొర్రెపిల్లలు. రాత్రి ఎవరి చేలో మంద కడితే ఆ రైతు ఎరువుకు బదులు గింజలు కొలిచేవాడు, ఇప్పుడు డబ్బులిస్తున్నాడు. అందులో ఎవరి దయా లేదు. కానీ బోర్లు పడి రెండో పంట వచ్చాక చేలు బీడుగా ఉండే రోజులు తగ్గాయి. మందు కొట్టిన పత్తి ఆకు మేస్తే గొర్రెకు ప్రాణం మీదికొస్తుంది. 2015లో హరితహారం మొదలయ్యాక కొన్ని గుట్టలకు, బంచరాయిలకు కంచెలు పడ్డాయి. ఆ నేలను ఖాళీ అని రాసిందెవరో గానీ మందకు అది ఏనాడూ ఖాళీ కాదు.

ఒక వేసవి అచ్చంపేట దాటాక రోడ్డు పక్క చేలో ఒక మంద దగ్గర ఆగాను. వల బిగించి, కుక్కకు గట్క పెట్టి వచ్చి కూర్చున్న పెద్దాయన అడిగాడు: "సారూ, భూమికి పాసుబుక్కు ఉంటది. గడ్డికి ఎవలిస్తరు?"

చదివినవాణ్ణి కదా, 2006 అటవీ హక్కుల చట్టం గురించి చెప్పాను. సంచార పశుపోషకుల మేతను, రుతువులవారీ రాకపోకలను అది పేరుపెట్టి మరీ గుర్తించింది. ఆయన శ్రద్ధగా విని, "మరి దరకాస్తు యాడ పెట్టాలె?" అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు. దరఖాస్తు వినేది గ్రామసభ. సొంతూళ్లో సభ జరిగేనాటికి ఆయన అడవిలో ఉంటాడు. అడవి పక్క ఊరికి ఆయన పరాయివాడు. పైగా షెడ్యూల్డు తెగవాడు కానివాడు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ప్రధానంగా అక్కడే నివసించినట్టు రుజువు తేవాలి. తిరుగుతూ బతికేవాణ్ణి తిరగలేదని రుజువు తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు? "అయితే మాకు కాదన్నట్టు" అని ఆయన వల ముడి చూసుకోవడానికి లేచాడు.

ప్రభుత్వం ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. 2017లో తెలంగాణ 75 శాతం రాయితీతో ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలోనే మొదటిదైంది. దాంతో నాలుగు డబ్బులు చూసిన ఇళ్లు ఉన్నాయి, కాదనను. అయితే సంతలో గిరాకీ నెల్లూరు గొర్రెకే. అది పొడుగ్గా పెరుగుతుంది, మాంసం బాగా పడుతుంది, ఉన్ని మాత్రం ఉండదు. రాళ్లలో రప్పల్లో నడవగల దక్కనీ నల్ల గొర్రె దాని ముందు సంతలో నిలవలేకపోతోంది. పథకానికి ముందే మొదలైన మార్పు ఇది. నా భుజం మీది మిల్లు సరుకు కథ అక్కడిదే. గొర్రెలు పెరిగిన లెక్క దొరుకుతుంది. అవి మేసే నేల ఎంత తరిగిందో రాసిన పట్టిక నా కంట పడలేదు.

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. మనవైపు నుంచి సన్మానాలు జరుగుతాయి, సంచికలు వస్తాయి. నేను అడిగేది చిన్న పని. బీరప్ప కథ, మల్లన్న కథ రికార్డు చేసిన మనం కథకుడి గురుపరంపర రాసుకుంటాం గానీ, ఆయన తాతల మంద ఏ వాగు దగ్గర ఆగేదో అడగం. నేనూ అడగలేదు. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లోనే, దరఖాస్తుదారు కాని పెద్దల మాట కాగితం మీద పెడితే సాక్ష్యంగా తీసుకోవచ్చని ఉంది. చెప్పింది చెప్పినట్టు రాయడం మనకు చేతనైన పనే కదా.

రేపు ఒగ్గుకథ చెప్పడానికి వస్తున్న కాపరులను, డోలు దించగానే శాలువా కప్పి పంపేయకండి. ఒక మండల పటం, రెండు పెన్సిళ్లు తెప్పించండి. ఏ చేలో మంద కట్టారు, ఏ ఏడు, రైతు ఎవరు, నీళ్లెక్కడ తాగాయి, అన్నీ రాసుకుందాం. రాతపని నేను చేస్తాను. చీకటి పడేలోపు మాత్రం వాళ్లను వదిలేయాలి. మంద చెరువు కట్ట కింద ఉందట, కాపలాకు ఒక్క పిల్లవాడే ఉన్నాడు.