స్క్రూడ్రైవర్ పోయి ల్యాప్‌టాప్ వచ్చె: ఇంజిన్ ట్యూనింగ్ కథ

తిరువూరు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నాన్న లోన్ మీద కొన్న కారు. పికప్ కోసం రీమ్యాప్ చేయించనా?"

చెప్తా. ముందు కాస్త వెనక్కి వెళ్దాం. అంబాసిడర్ రోజుల్లో ట్యూనింగ్ అంటే చెవి, చెయ్యి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు పెట్టి, కార్బ్యురేటర్ స్క్రూ తిప్పుతూ ఇంజిన్ సౌండ్ వినేవాళ్లు. 1983లో వచ్చిన మారుతి 800 కూడా మొదట్లో కార్బ్యురేటర్ బండే. 2000 దగ్గర్లో పొల్యూషన్ రూల్స్ బిగిసేసరికి ఎంపీఎఫ్ఐ వచ్చింది, స్క్రూ పని ఈసీయూ చేతికి పోయింది.

కోడ్ రాసినవాడిగా చెప్తున్నా, ఈసీయూలో ఉండేది పెద్ద టేబుల్. ఇంత ఆర్‌పీఎం, ఇంత లోడ్ ఉంటే ఇంత పెట్రోలు, స్పార్క్ ఈ టైంకి. రీమ్యాప్ అంటే ఆ అంకెలు మార్చడమే.

అప్పుడు స్క్రూ ఎక్కువ తిప్పితే నల్లపొగ వచ్చేది, వెంటనే తెలిసేది. ఇప్పుడు స్పార్క్ మరీ ముందుకి జరిపితే నాకింగ్ మొదలై, పిస్టన్ దెబ్బతిన్నాకే తెలియొచ్చు.

అందుకే తమ్ముడూ, ఒరిజినల్ ఫైల్ బ్యాకప్ ఇస్తాడా, మార్చాక బండి నడిపి రీడింగులు చూపిస్తాడా అని అడుగు. నీళ్లు నమిలితే వచ్చేయ్. వారంటీ సంగతీ చూసుకో. ముందైతే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చెక్ చేయించు. పోయిన పికప్ అక్కడే దొరకొచ్చు.

మీ బండి ఏంటో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!