మీటరు ఎవరి మాట వినాలి? ఐఓటీకి జాతీయ వ్యూహం: స్నాతకోత్సవ ప్రసంగం

ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్‌కు, అంటే వాడుకలో ఐఓటీకి, ఒక జాతీయ విధానం రాసే ప్రయత్నం భారతదేశంలో 2014 అక్టోబరులో మొదలైంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ విభాగం అప్పుడు విడుదల చేసిన ముసాయిదా, 2020 నాటికి దేశంలో 1,500 కోట్ల డాలర్ల ఐఓటీ పరిశ్రమ ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. మరుసటి ఏడాది దాన్ని సవరించారు. 2015 మేలో టెలికం శాఖ యంత్రాల మధ్య సమాచార మార్పిడికి విడిగా ఒక రోడ్‌మ్యాప్ తెచ్చింది. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022కల్లా 500 కోట్ల పరికరాలు నెట్‌వర్క్‌లోకి రావాలంది. ఎన్ని డాలర్లు, ఎన్ని పరికరాలు అనే అంకెలకు ఈ పత్రాల్లో కొదవ లేదు. పరికరం పొరపాటు చేస్తే జవాబుదారీ ఎవరు, దానికి ఆజ్ఞ ఇచ్చే హక్కు ఎవరిది అనే ప్రశ్నలకు మాత్రం అంత చోటు దక్కలేదు.

ఆచరణలో దేశ వ్యూహం టెండర్లలోనూ గెజిట్లలోనూ రూపుదిద్దుకుంది. 2019 జనవరి 1 నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాలకు లొకేషన్ ట్రాకర్, ఆపదలో నొక్కే బటన్ తప్పనిసరి అయ్యాయి. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ లేని వాహనం రెట్టింపు కట్టాల్సి వచ్చింది. అదే ఏడాది ఆమోదం పొందిన విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలని తలపెట్టింది. 2025 మార్చి గడువుకు అందులో సగం కూడా పూర్తికాలేదు. అయినా సామాన్యుడి గడప దాటి లోపలికి వచ్చిన ఐఓటీ పరికరాల్లో మొదట చెప్పుకోవలసింది ఈ మీటరే.

ఈ మీటరు పనితీరును కొంచెం దగ్గరగా చూడాలి. పాత మీటరు దగ్గరికి నెలకోసారి రీడింగ్ తీసే మనిషి వచ్చేవాడు. కొత్త మీటరు 15 లేదా 30 నిమిషాలకోసారి వాడకాన్ని నమోదు చేసి, మొబైల్ నెట్‌వర్క్ మీదుగానో రేడియో తరంగాల ద్వారానో సర్వర్‌కు పంపుతుంది. ఇంట్లో మనుషులు ఎప్పుడు నిద్ర లేస్తారో, ఊరెళ్లినప్పుడు ఎన్నాళ్లు తలుపు మూసి ఉందో ఆ అంకెల్ని చదవడం వచ్చినవారికి ఇట్టే తెలిసిపోతుంది. సమాచారం ఒకవైపే ప్రయాణించదు కూడా. సర్వర్ నుంచి ఆజ్ఞ వస్తే మీటరులోని స్విచ్ కరెంటు కట్ చేస్తుంది. ఇక లైన్‌మన్ స్తంభం ఎక్కే పని లేదు. 2020 ఆగస్టులో కృష్ణాష్టమి నాడు ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నరకు పైగా స్మార్ట్ మీటర్లు పొరపాటు ఆజ్ఞను అందుకుని కరెంటు ఆపేశాయి. బకాయి ఉన్నవాళ్లు, లేనివాళ్లు అందరూ ఒక్కలాగే చీకట్లో పడ్డారు. సాంకేతికంగా చూస్తే మీటర్ల తప్పేమీ లేదు, చెప్పిన పనే చేశాయి. ఇన్ని ఇళ్లకు మించి ఒకేసారి కట్ చేసే ఆజ్ఞకు రెండో అధికారి అనుమతి ఉండాలి అనే చిన్న నియమం ఇలాంటి చోట అడ్డుగోడలా పనిచేస్తుంది. జాతీయ వ్యూహంలో రావలసినవి ఇలాంటి నియమాలే. వీటిని రాయడానికి ఆర్థికవేత్తల కన్నా ఇంజనీర్ల అవసరమే ఎక్కువ.

పునాది పనుల్లో దేశం ఏమంత వెనకబడి లేదు. 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్స్ లేకుండా వాడుకునే వీలు 2005లోనే కలిగింది. తక్కువ విద్యుత్తుతో దూరం నుంచి మాట్లాడే సెన్సర్లకు ఆ పట్టీయే ఆధారం. పరికరాల సిమ్‌లకు 13 అంకెల నంబర్లు 2018లో వచ్చాయి. ప్రపంచ ప్రమాణాల సంస్థలు 2012లో కలిసి మొదలుపెట్టిన వన్‌ఎం2ఎంను భారత్ జాతీయ ప్రమాణంగా స్వీకరించింది. ఒక కంపెనీ సెన్సర్‌ను మరో కంపెనీ సర్వర్ చదవగలగాలంటే ఇలాంటి ఉమ్మడి భాష తప్పదు. అది లేని ఊళ్లో వీధిదీపాలకు ఒక డ్యాష్‌బోర్డు, చెత్త డబ్బాలకు ఇంకొకటి, నీటి ట్యాంకులకు వేరొకటి తయారవుతాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ గాలి, నీరు, విద్యుత్ సెన్సర్లను ఈ ప్రమాణంతోనే ఒకచోటికి తెచ్చి, క్యాంపస్‌నే ప్రయోగశాలగా మార్చుకుంది. రాష్ట్రాల వరకు చూస్తే ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2017లో సొంత ఐఓటీ విధానాలు ప్రకటించాయి.

భద్రత విషయంలో ప్రపంచానికి కనువిప్పు 2016 అక్టోబరులో కలిగింది. మిరాయ్ అనే మాల్‌వేర్ అరవైకి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని సీసీ కెమెరాల్లోకి, రౌటర్లలోకి చొరబడింది. వాటి సాయంతో అమెరికాలోని ఒక డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి చేస్తే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి అందలేదు. కెమెరా కొన్న ఇంటాయనకు మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. అందుకే ఈ విషయాన్ని మార్కెట్‌కు వదిలేస్తే తెగదు. నష్టం ఒకరిది, పరికరం మరొకరిది. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని చట్టవిరుద్ధం చేసింది. భారత టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇలాంటి నియమావళినే ప్రకటించినా, అది మార్గదర్శకాల స్థాయిలోనే ఉండిపోయింది. సీసీ కెమెరాలకు తప్పనిసరి భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. మిగతా పరికరాలకూ ఆ దారే శరణ్యం.

సేద్యానికి వస్తే పాఠం ఇంకో రకంగా ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల ఉచిత విద్యుత్ మొదలయ్యే ముందు, బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను బతిమాలుకుంది. కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడిపించే ఆ చిన్న పెట్టె, వేళాపాళా లేని కరెంటు రోజుల్లో రైతు నిద్రను కాపాడింది. కరెంటు నిరంతరంగా వచ్చాక అదే పెట్టె భూగర్భ జలాన్ని తోడేస్తుంది. సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్ అయితే మోటారు ఆన్, ఆఫ్ రెండూ రైతు చేతిలో ఉంటాయి. దానికి నేలలోని తేమ చెప్పే సెన్సర్ తోడైతే ఎప్పుడు ఆపాలో కూడా తెలుస్తుంది. కానీ యూనిట్‌కు పైసా పడని చోట మోటారు ఆపాలన్న ఆలోచన సెన్సర్ నుంచి పుట్టదు. కరెంటు ధర, నీటి హక్కు, పంట ఎంపిక తేలకుండా పొలంలో ఎన్ని పరికరాలు పాతినా వ్యూహం అనిపించుకోదు. పట్టా పుచ్చుకున్న ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వ్యవసాయ పట్టభద్రుడితో, భూగర్భ జలశాఖ ఉద్యోగితో కలిసి కూర్చోవలసింది ఇక్కడే.

చివరగా, ఎవరికీ పెద్దగా పట్టని నిర్వహణ. తెలంగాణ మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. వర్షమాపకం గొట్టంలో పక్షి గూడు కట్టినా, సోలార్ పలక మీద దుమ్ము పేరుకున్నా సర్వర్‌కు తప్పుడు అంకె చేరుతుంది, లేదా ఏ అంకే చేరదు. పరికరం కొనడానికి గ్రాంటు వస్తుంది గానీ, నాలుగో ఏడు బ్యాటరీ మార్చడానికి బడ్జెట్‌లో పద్దు కనిపించదు. స్మార్ట్ మీటర్ల పథకం ఈ ఒక్క విషయంలో మంచి దారి పట్టింది. మీటరు పెట్టిన సంస్థకు మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకుండా, మీటరు సరిగా పనిచేస్తూ సమాచారం పంపినంత కాలం నెలకు ఇంత చొప్పున ఏళ్ల తరబడి చెల్లించే ఒప్పందం అది. వర్షమాపకాల, నీటి సెన్సర్ల టెండర్లకూ ఇదే పద్ధతి పెడితే, మండల స్థాయిలో వాటిని చూసుకునే డిప్లొమా, ఇంజనీరింగ్ పట్టభద్రులకు శాశ్వతమైన పని కూడా దొరుకుతుంది.