పెళ్లి సర్టిఫికెట్ మీద ముద్రలు



పోయినేడు మా సంఘంలో ఒక చెల్లె 30,000 రూపాయల లోను అడిగింది. బర్రె కోసం కాదు, మిషను కోసం కాదు, పెళ్లి సర్టిఫికెట్ కోసం! ఆమె భర్త దుబాయిలో పని చేస్తడు. ఫ్యామిలీ వీసా పెట్టాలంటే పెళ్లి సర్టిఫికెట్ మీద ముద్రలు ఉండాలన్నరట. అన్నీ నేనే చేయిస్తానని ఒక ఏజెంటు ఆ పైసలు అడిగిండు.

లోను ఇచ్చే ముందు కాగితాలు తెమ్మన్నం. చూస్తే అసలు సర్టిఫికెటే లేదు. పెళ్లయి 9 ఏండ్లు, శుభలేఖ, నాలుగు ఫోటోలు తప్ప ఏమీ లేవు. మరి ముద్ర దేని మీద వేయిస్తవని ఏజెంటును అడిగితే మళ్లీ ఫోను ఎత్తలేదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మేమే వెంట పోయినం. భార్యాభర్తలిద్దరూ రావాలి, సాక్షులు కావాలి. ఆయన సెలవు మీద వచ్చేదాకా ఆగినం. ఇంకో చిక్కు, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. పదో తరగతి మెమో కూడా పాస్‌పోర్టు తీరుగనే ఉందని ఆధార్‌నే మార్పించినం. దాంతోనే నెల గడిచింది. మన ఆడవాళ్లకు ఇంటిపేరు తెచ్చే తిప్పలు ఇన్నన్ని కావు. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించుకోండి.

సర్టిఫికెట్ చేతికొచ్చినంక మొదట రాష్ట్ర సచివాలయంలో ముద్ర వేయించాలి. అది లేకుండా పైవాళ్లు తీసుకోరు. తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ. దానికి ఢిల్లీ పోనక్కర లేదు, హైదరాబాదులోనే అయితది. కానీ మనం నేరుగా ఇస్తే తీసుకోరు, ఆ శాఖ నియమించిన ఏజెన్సీ ద్వారా ఇవ్వాలి. ఏజెన్సీ పేరు శాఖ వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకున్నాకే కాగితం ఇవ్వండి. ఆ తర్వాత దుబాయి వాళ్ల ఎంబసీ. ఆఖరుది అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, అది ఆయనే వేయించుకున్నడు.

ఒమన్, బహ్రెయిన్, సౌదీ పోయేవాళ్లకు ఎంబసీ తిరుగుడు లేదు. మన విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే స్టిక్కరు వేస్తే చాలు. అందుకే ఏ దేశమో ముందే చెప్పాలి. ఒరిజినల్‌కు మాత్రం ల్యామినేషన్ చేయించకండి.

చెల్లెకు చివరికి సంఘం నుంచి 9,000 సరిపోయినయి. కిస్తులు కట్టేసే పోయింది.

తర్వాత మీటింగులో లెక్క చూస్తే మా 12 మందిలో పెళ్లి రిజిస్టర్ అయినవాళ్లు ఇద్దరే. లీడర్లమైన మాది కూడా కాలేదు. వచ్చే నెల నలుగురం మగవాళ్లను వెంటబెట్టుకొని పోతున్నం. శుభలేఖ మాత్రం ఇంకా ఒకరిది దొరకలేదు, ట్రంకుపెట్టెలు వెతుకుతున్నం.