చంద్రుని లెక్కలో మన ఏడాది
(సంఘం వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఇది రజబ్ నెల. రంజాన్‌కు రెండు నెలలు కూడా లేదు. ఇలాంటి సమావేశాల్లో మేము జమాఖర్చులు చదువుతాం, మీరు ఓపిగ్గా వింటారు, తర్వాత భోజనాలు. జమాఖర్చులు ఈసారి అచ్చయి మీ చేతిలోనే ఉన్నాయి కనుక ఆ సమయాన్ని ఇంకో సంగతికి వాడుకుంటాం. చంద్రుణ్ణి చూసుకుంటూ మన ఏడాదిని ఎలా అమర్చుకోవాలన్నదే ఆ సంగతి. డబ్బు విషయం కొంత, ఒంటి విషయం కొంత.

ఈ మధ్య ఫోన్లలో చంద్రుడి మీద సలహాలు ఎక్కువయ్యాయి. అమావాస్య వెళ్లగానే కొత్త పని తలపెట్టండి, పౌర్ణమికి ముగించండి, ఫలానా రోజున జుట్టు కత్తిరించుకుంటే ఒత్తుగా పెరుగుతుంది అంటూ. మన పిల్లలూ చూస్తున్నారు. చంద్రుడి లెక్క మనకు కొత్త కాదు. రోజా, పండుగ, హజ్, జకాత్, భర్త పోయిన స్త్రీ ఇద్దత్ గడువు, అన్నీ ఆ లెక్కలోనే నడుస్తాయి. నెలవంకల గురించి అడిగినవారికి ఏం చెప్పాలో దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 189వ ఆయతులో ఉంది. అవి మనుషులకు కాలాన్నీ, హజ్ వేళనూ తెలిపే గుర్తులని అందులోని భావం. గోడ మీది గడియారం లాంటివన్నమాట. గడియారం చూసి మందు వేసుకుంటాం, జబ్బు తగ్గించమని గడియారాన్ని అడగం.

ముందు లెక్క చూద్దాం. ఒక నెలపొడుపు నుంచి మరో నెలపొడుపుకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అందుకే మన నెల ఒకసారి 29, ఒకసారి 30. పన్నెండు నెలలకు 354 రోజులు, కొన్నేళ్లు 355. మన ఊళ్లలో హిందూ సోదరులు చూసే పంచాంగమూ చంద్రుడిదే. కాని వాళ్లు రెండు మూడేళ్లకోసారి అధిక మాసం కలిపి రుతువులతో సరిపెట్టుకుంటారు. మనం కలపం. అందుకే రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలాన్నీ, వానాకాలాన్నీ, చలికాలాన్నీ చుట్టి వస్తుంది. 33 చంద్ర సంవత్సరాలు గడిచేసరికి ఇంగ్లీషు క్యాలెండర్లో 32 ఏళ్లే అవుతాయి.

ఈ ఒక్క ఏడాది తేడా చాలామంది వ్యాపారుల పద్దులో కనబడదు. ఆదాయపు పన్ను కోసం మార్చి 31న ఎలాగూ లెక్క చూస్తాం కాబట్టి జకాత్ కూడా అదే రోజున తేల్చేసే అలవాటు మనలో పాతుకుపోయింది. సౌకర్యమే, కాదనం. కాని జకాత్‌కు ఏడాది అంటే చంద్ర సంవత్సరం. 32 ఏళ్లపాటు ప్రతి మార్చి 31న నిజాయితీగా రెండున్నర శాతం తీసిన మనిషి 32 సార్లే జకాత్ ఇచ్చినట్టు. ఆ కాలంలో అతని మీద పడిన జకాత్‌లు 33. ఒక ఏడాది మొత్తం పేదల హక్కు అతని సొమ్ములోనే ఉండిపోయింది, అతనికి తెలియకుండానే. మార్చి తేదీ తప్పనిసరి అనుకునేవారికి లెక్కలు కట్టే నిపుణులు ఒక సర్దుబాటు చెబుతారు. రెండున్నరకు బదులు 2.577 శాతం తీయాలి. పది లక్షల మీద 25,000 కాదు, 25,770. ఆ 770 రూపాయలు ఒక ముసలామెకు నెల బియ్యం. అయినా హిజ్రీ తేదీ ఒకటి రాసిపెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం.

అసలు కష్టం వేరే చోట ఉంది. సంఘానికి ఏడాదిలో వచ్చే డబ్బులో పెద్ద భాగం రంజాన్‌లోనే వస్తుంది. పుణ్యం ఎక్కువని అందరూ ఆ నెలకే ఆపుకుంటారు. ఆ ఆశ మంచిదే. అయితే రంజాన్ జరుగుతూ ఉంటుంది, అవసరాలు జరగవు. బడులు మన దగ్గర జూన్ రెండో వారంలో తెరుస్తారు. 2016లో రంజాన్ జూన్ 7న మొదలైంది, 2017లో మే 28న. ఆ రెండేళ్లూ జకాత్ డబ్బు చేతికి రావడం, పిల్లల ఫీజులు కట్టాల్సిరావడం ఒకే సమయంలో జరిగాయి. 2025లో రంజాన్ మార్చి 2న వచ్చింది. ఈసారి ఫిబ్రవరి మూడో వారంలో రావాలి. 2030లో ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండు రంజాన్‌లు మొదలవుతాయి, జనవరి మొదట్లో ఒకటి, డిసెంబరు చివర్లో ఒకటి. మళ్లీ బడులు తెరిచే జూన్ రెండో వారంలో రంజాన్ రావాలంటే 2048 దాకా ఆగాలి. ఇప్పుడు ఒకటో తరగతి చదివే అమ్మాయికి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఆమె చదువు చంద్రుడి కోసం ఆగదు.

చదువులొక్కటే కాదు. కిడ్నీ జబ్బు మనిషికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ ఉంటుంది. అది ప్రభుత్వ పథకంలో ఉచితంగా దొరికినా ఆసుపత్రికి వెళ్లి వచ్చే ఆటో చార్జీలు, మందులు, ఆ రోజు పోయిన కూలి మిగిలే ఉంటాయి. రబీఉల్ ఆఖిర్‌లో, జమాదుల్ అవ్వల్‌లో వచ్చి అడిగేవారి సంఖ్య రంజాన్‌లో వచ్చేవారికన్నా తక్కువేమీ కాదు. పెట్టె మాత్రం అప్పటికి తేలికైపోతుంది. జకాత్‌ను ఎక్కువ కాలం నిల్వ ఉంచడమూ మాకు సమ్మతం కాదు. హక్కుదారుకు త్వరగా చేరాల్సిన సొమ్ము అది.

దీనికి షరీఅతులోనే దారి ఉంది. నిసాబ్ ఉన్న మనిషి ఏడాది నిండకముందే జకాత్ ఇవ్వవచ్చు. హజ్రత్ అబ్బాస్ (రజి) ముందుగా చెల్లించవచ్చా అని అడిగితే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుమతించారని హదీసుల్లో ఉంది. అంటే ఏడాది చివర ఇంత పడుతుందని అంచనా వేసుకుని నెలనెలా జకాత్ నియ్యత్‌తోనే కొంత ఇస్తూ పోవచ్చు. మీ హిజ్రీ తేదీ వచ్చిన రోజున మొత్తం లెక్క చూసి తక్కువైతే కలుపుతారు, ఎక్కువైతే వచ్చే ఏడాదికి జమ వేసుకుంటారు. రంజాన్‌లో సదఖా, ఇఫ్తార్, ఫిత్రా ఎలాగూ ఉంటాయి. ఆ నెల పుణ్యం ఎవరికీ తగ్గదు. ఇల్లు గడిచే బీదవాడికి మాత్రం పన్నెండు నెలలూ ఒకే రీతిలో గడుస్తాయి.

ఇక ఒంటి సంగతి. మన మహల్లాల్లో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాల్సిన పరిస్థితి. షుగరు ఉన్నవారు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలని వైద్యులు చెబుతారు. చంద్రుడి లెక్కలో అది సరిగ్గా ఈ నెలే. రోజా ఉండగలరా లేదా, ఉంటే మాత్రలు ఇఫ్తార్‌కు ఎంత, సహరీకి ఎంత, ఇన్సులిన్ ఎంత తగ్గించాలి అన్నవి ఇప్పుడే తేలాలి. రోజాలు మొదలయ్యాక తెల్లవారుజామున మూడున్నరకు ఎవర్ని అడుగుతారు? రోజాలో ఉండగా షుగరు 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజు రోజా విడవాల్సిందే. వేలి చివర సూది గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. అయినా మన పెద్దలు ససేమిరా అంటారు. వాళ్లకు నచ్చజెప్పే బాధ్యత ఇంట్లోని కొడుకులు, కోడళ్లది. తగ్గని జబ్బు ఉన్నవారికి ఫిద్యా ఉంది. ఒక రోజాకు ఒక పేదకు భోజనం. ఆ సౌకర్యం అల్లాహ్ ఇచ్చింది, దాన్ని వాడుకోవడం నామోషీ కాదు.

ఈసారి రోజా పదమూడు గంటలకు అటూ ఇటూ ఉంటుంది. జూన్ రంజాన్‌లో పద్నాలుగున్నర దాకా పోయేది, ఎండ సరేసరి. కాబట్టి ఈ కొద్ది సంవత్సరాలు ఒంటికి తేలికైనవి. ఆ తేలికను ఇఫ్తార్ బల్ల మీద సమోసాలకూ, రాత్రి హలీమ్‌కూ ధారపోయకుండా ఉంటే బాగు. ఇంటర్ పరీక్షలు కూడా ఈసారి ఆ రోజుల్లోనే. పరీక్ష రాసే పిల్లలకు తరావీహ్ తర్వాత నిద్ర ఎన్ని గంటలు దక్కుతుందో తల్లిదండ్రులు ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

షాబాన్‌లో దైవప్రవక్త (స) ఎక్కువగా నఫిల్ రోజాలు ఉండేవారు. ప్రతి నెలా 13, 14, 15 తేదీల్లో, అంటే వెన్నెల నిండుగా ఉండే అయ్యామె బీజ్‌లో మూడు రోజాలు ఉండమని ప్రోత్సహించారు. ఏడాదికోసారి ఒక్కసారిగా ముప్పై రోజులు ఆకలికి దిగడం కన్నా నెలకు మూడు రోజుల అలవాటు ఉన్నవారు రంజాన్‌లో తక్కువగా తల్లడిల్లడం మేము చూస్తున్నాం. టీ, సిగరెట్లు తగ్గించుకోవాలనుకునేవారికి ఆ మూడు రోజులు మంచి మొదలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అర్జెంటీనాలోని టోబా-కోమ్ తెగ ప్రజల మీద జరిగిన ఒక అధ్యయనం 2021లో అచ్చయింది. పౌర్ణమికి ముందు రాత్రుల్లో వాళ్లు ఆలస్యంగా పడుకుంటున్నారనీ, తక్కువ నిద్రపోతున్నారనీ అందులో తేలింది. సహరీకి లేవాల్సింది కూడా ఆ రోజుల్లోనే. కనుక 12వ తేదీ ఇషా అయ్యాక ఫోను పక్కన పెట్టి పడుకోవడం మంచిది.

హిజామాకు 17, 19, 21 తేదీలు హదీసుల్లో వచ్చాయి. ఆ తేదీలు చూసుకుని వెళ్లేవారు బ్లేడు కొత్తదేనా అని కూడా అడగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందు డాక్టరును అడగాలి.

చంద్రుణ్ణి చూసి భయపడటం ఇంకొక సంగతి. దక్కనీ ఇళ్లలో సఫర్ నెల మొదటి పదమూడు రోజులను తేరా తేజీ అంటారు. ఆ రోజుల్లో పెళ్లి వద్దు, ప్రయాణం వద్దు, దుకాణం తెరవొద్దు. పదమూడో నాడు గుడ్లు, మినుములు, నూనె దిగదీసి పంచుతారు. గుడ్డు అందుకున్న పేదవాడికి అందులో నష్టమేమీ లేదు, పాపం. నష్టం భయపడేవాడికే. సఫర్‌లో అపశకునం లేదని దైవప్రవక్త (స) తేల్చి చెప్పారు. ఆయన కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లే పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి చావుకూ, ఎవరి పుట్టుకకూ గ్రహణం పట్టదని చెప్పి నమాజుకు నిలబడ్డారు. ఈ సంగతి తెలిసిన మన ఇళ్లలోనే ఇవాళ గ్రహణం పూట గర్భవతిని కత్తిపీట ముట్టనివ్వరు, గదిలోంచి కదలనివ్వరు, కొన్నిచోట్ల మంచినీళ్లు కూడా ఇవ్వరు. నిండు చూలాలిని దాహంతో ఉంచడం ఏ దీన్‌లోనూ లేదు.

సఫర్ వల్ల మా సంఘానికి ఒక లాభం ఉంది. అందరూ మానుకుంటారు కనుక ఆ నెలలో ఫంక్షన్ హాలు తక్కువకు దొరుకుతుంది, వంటవాడు తీరిగ్గా ఉంటాడు. పేదింటి నికాహ్‌లను మేము ఆ నెలకే పెడుతున్నాం. మిగిలిన డబ్బుతో ఆ అమ్మాయికి కుట్టుమిషను వస్తుంది. మొదట్లో పెళ్లికూతురి అమ్మమ్మలు ఒప్పుకోరు. ఇమాం సాబ్ ఇంటికి వెళ్లి కూర్చుంటే ఒప్పుకుంటారు.

ఈ ఏడాది మా పనిని ఇలా అమర్చుకున్నాం. ప్రతి చంద్రమాసం మొదటి వారంలో పింఛన్లు, మందుల చీటీలు. అయ్యామె బీజ్ మూడు రోజుల్లో ఒక సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు కార్యాలయంలో షుగరు, రక్తపోటు పరీక్ష. 25 తర్వాత వచ్చే నెల దరఖాస్తుల పరిశీలన. బడి ఫీజులకు మాత్రం హిజ్రీ తేదీ పనికిరాదు కనుక మే నెలాఖరుకు ఆ నిధిని విడిగా సిద్ధం చేయాలి. అది నెలనెలా వచ్చే డబ్బుతోనే కుదురుతుంది.

గుమ్మం దగ్గర బల్ల మీద కార్డులున్నాయి. మూడే గళ్లు. హిజ్రీలో మీ జకాత్ తేదీ, నెలకు ఇవ్వగలిగినంత, ఏ నెల నుంచి. మొదటిసారి నిసాబ్ ఎప్పుడు చేరారో గుర్తులేనివారు మొదటి గడిని ఖాళీగా వదిలేయకండి. మౌలానా సాబ్ అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఇక్కడే ఉంటారు, ఆయనతో మాట్లాడి ఒక తేదీ నిర్ణయించుకుని రాయండి. షుగరు ఉన్నవారి కోసం డాక్టర్ గారు పక్క గదిలో ఉన్నారు, భోజనానికి ముందే వెళ్లి కలవండి.