అద్దములు తుడుచు బండికి వేడినీళ్ళు

మన యిండ్లలో వేడినీళ్ళ ప్రస్తావన కార్తికములో మొదలై మాఘముతో ముగియుట పరిపాటి. రాగి కాగు, కట్టెల పొయ్యి పోయి కరెంటు గీజరు వచ్చినను ఆలోచన మాత్రము స్నానమును దాటి పోలేదు. నేను నేడు ముచ్చటింపదలచినది స్నానపు నీళ్ళను గూర్చి కాదు. ఒక యువకుని జీవనోపాధికి సంబంధించిన నీళ్ళను గూర్చి.

మా మేనల్లుడొకడు సూర్యాపేటలో నున్నాడు. ఆ పట్టణములోను, కోదాడలోను, మిర్యాలగూడలోను ఇప్పుడు ఆసుపత్రులకు, బట్టల దుకాణములకు నిలువెత్తు అద్దపు గోడలు వచ్చినవి. వాటిని శుభ్రపరచుటకు ఒక చిన్న బండి కొని, అందులో నీళ్ళ తొట్టి, పంపు, పొడవైన గొట్టపు కుంచె అమర్చుకొని, మూడు ఊళ్ళు తిరుగవలెనని అతని సంకల్పము. చిట్టీ పాడిన డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత. ఒకనాడు వచ్చి, "మామా, బండిల నీళ్ళు కాచే మిషను పెట్టిద్దామనుకుంటున్న. డీజిలుదా, గ్యాసుదా, కరెంటుదా? ఏది మంచిదో నువ్వే చెప్పు" అని అడిగెను. బండి ఖరీదులో గణనీయమైన భాగము ఆ యంత్రమునకే పోవునట్లున్నది. తప్పు ఎన్నుకొన్నచో అప్పు మిగులును, యంత్రము మూలబడును. కావున తొందరపడవద్దని చెప్పి, ఇద్దరము కాగితము, కలము పట్టి కూర్చుంటిమి.

మొదటి ప్రశ్న: అసలు వేడి యెందుకు? చలిదేశములలో ఈ పని చేయువారికి గొట్టములో నీరు గడ్డకట్టుట, చేతులు కొంకర్లు పోవుట అను బాధలున్నవి. మనకవి లేవు. మే నెలలో మిద్దెమీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నమునకు చేయి పెట్టనీయవు. ఐనను వేడినీటికి ఒక గుణము కలదు. వంటశాల పొగ జిడ్డును, పక్షుల రెట్టను, రహదారి పక్క దుకాణములపై పేరుకొను నూనె మసిని అది చన్నీటికంటె త్వరగా కరగించును. చలికాలపు ఉదయములలో ఆ తేడా స్పష్టముగా తెలియును. అనగా వేడినీరు అతనికి ఏడాదిలో నాలుగైదు నెలల అవసరము. తక్కిన నెలలలో అక్కరలేని అలంకారము.

రెండవ ప్రశ్న నీటిని గూర్చినది. నల్లగొండ ప్రాంతపు నీరనగానే మనకు ఫ్లోరైడు జ్ఞాపకము వచ్చును. అది పండ్లకు, ఎముకలకు చేటు. కాని గీజరుకు శత్రువు ఫ్లోరైడు కాదు, సున్నము. హుజూర్‌నగర్, మేళ్ళచెర్వు, వాడపల్లి వైపు నేల సున్నపురాతి నేల. అందుచేతనే అక్కడ సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఈ మూడు ఊళ్ళలోను బోరునీళ్ళు చాలచోట్ల కఠినజలములే. అట్టి నీటిని కాచినపుడు అందు కరగియున్న సున్నము విడివడి కాగు అడుగున తెల్లని పెచ్చుగా కట్టును. ఆ పెచ్చు వేడిని లోనికి పోనీయదు. ఇంధనము వృథా యగును, కాయిలు కాలిపోవును. అదే నీరు అద్దముపై ఆరినచో తెల్లని మచ్చలు మిగులును, తుడిచినను తుడువనట్లే.

కావున అద్దము కడుగు నీరు శుద్ధజలము కావలెను. ఆర్వో యంత్రముతోగాని, లవణములను పట్టుకొను రెజిను గొట్టముతోగాని, రెంటితోగాని లవణములను దాదాపు పూర్తిగా తీసివేసిన నీరు అద్దముపై తనంత తానే ఆరినను మచ్చ పడదు. ఇచట వరుసక్రమము ముఖ్యము. ఆర్వో పొరలు సాధారణముగా 45 డిగ్రీలకు మించిన వేడిని ఓర్వలేవు. కావున ముందు శుద్ధి, తరువాత కాపు. అట్లు చేసినచో రెండు లాభములు: పొర చెడదు, కాయిలుకు పెచ్చు పట్టదు. నా మేనల్లుడు దీనిని తలక్రిందులుగా తలచియుండెను. ఈ ఒక్క సవరణతోనే అతని డబ్బు కొంత మిగిలినది.

ఇక లెక్కకు వత్తము. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకెలోరీ ఉష్ణము కావలెను. అతని తొట్టి 200 లీటర్లది. 25 డిగ్రీల నీటిని 55 డిగ్రీలకు తెచ్చుటకు 200ను 30తో గుణింపగా 6,000 కిలోకెలోరీలు. కరెంటు యూనిటు ఒకటికి 860 కిలోకెలోరీలు గనుక ఇది సుమారు 7 యూనిట్లు. ఈ ఏడు యూనిట్లను ఎక్కడినుండి తెచ్చుట అనునదే సమస్య.

బండి బ్యాటరీనుండి తీసికొందమా? 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నుండునది 1.2 యూనిట్లు మాత్రమే. ఆరు బ్యాటరీలు ఖాళీయైనచో ఒక తొట్టి కాగును. ఆ మార్గమును అక్కడనే వదలితిమి.

డీజిలు బర్నరు లీటరు లోపు నూనెతో ఈ పని చేయును. గ్యాసైనచో ముప్పాతిక కిలో చాలును. రెండును త్వరగా కాచును; రోజంతయు ఎడతెగక వేడినీరు కావలసినవారికి ఇవి తగినవే. కాని రెంటిలోను మంట యున్నది. మూసిన బండిలో మంట మండినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానపుగదులలో గ్యాసు గీజర్లవలన ప్రాణములు పోయిన వార్తలు మనము చదువుచునే యున్నాము. పొగగొట్టము వెలుపలికి లేనిదే, గాలి ఆడనిదే ఇట్టి సాధనమును బండిలో నుంచరాదు. ఇంటి వంటకిచ్చిన 14.2 కిలోల సిలిండరును బండిలో వాడుట చట్టవిరుద్ధము, అపాయకరము కూడ.

మరి మన పెద్దలు ఏమి చేసిరి? మిర్యాలగూడ బియ్యపు మిల్లులను చూడుడు. ఉప్పుడు బియ్యమునకై వడ్లను వేడినీట నానవేసి, ఆవిరి పట్టవలెను. అందులకు ఎంత ఉష్ణము కావలెనో ఊహింపుడు. వారు ఇంధనమునకై దూరము పోలేదు; వడ్లనుండి వచ్చిన ఊకనే పొయ్యిలో వేసిరి. వడ్లలో ఇంచుమించు ఐదవ వంతు ఊకయే. తన యింట నూరక పోవుచున్న వేడిని తానే వాడుకొనుట, ఇదియే వారి కిటుకు.

బండిలో నూరక పోవుచున్న వేడి యెక్కడ? ఇంజనులో. డీజిలులోని శక్తిలో ఇంచుమించు మూడవ వంతే చక్రములను త్రిప్పును. తక్కినది పొగతోను, రేడియేటరు గాలితోను పోవును. సూర్యాపేటనుండి కోదాడకు 45 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున మూడు లీటర్లు ఖర్చగును. ఆ డీజిలులో సుమారు 25,500 కిలోకెలోరీలున్నవి. నాలుగవ వంతు ఇంజను చల్లనీటిలోనికి పోవుననుకొన్నను 6,400. అందు సగము పట్టుకొన్నచో మన తొట్టి 16 డిగ్రీలు పెరుగును. ఇంజను నీరు, తొట్టి నీరు కలియకుండ పక్కపక్కన ప్రవహించు పలకల పెట్టె యొకటి చాలును. ఐతే సూర్యాపేట వీధులలోనే వీధికొక ఫర్లాంగు చొప్పున తిరుగు దినమున ఇంజను వేడెక్కనే వేడెక్కదు. ఈ ఉపాయము పారదు. బండి కంపెనీ మెకానిక్కు నడుగక గొట్టము కోసినచో గ్యారంటీ కూడ పోవును.

ఇక మిగిలినది ఇంటి గోడలోని ప్లగ్గు. తొట్టికి చుట్టును రెండంగుళముల నురుగు పలకలు తొడిగి, 2 కిలోవాట్ల కాయిలు పెట్టి, రాత్రి నాలుగు గంటలు కాచినచో తెల్లవారి బయలుదేరువేళకు నీరు సిద్ధము. మిద్దెపై సౌరజలతాపకమున్న యింట ఆ ఖర్చును తగ్గును. నిన్నటి యెండ రేపటి పనికి వచ్చును. ఎర్తింగు తప్పక యుండవలెను. కరెంటు లీకైనచో ఆపు స్విచ్చి యుండవలెను. తొట్టికి ఆవిరి పోవు దారి యుండవలెను. ప్లగ్గు తీసినగాని పంపు ముట్టరాదు.

వేడికి హద్దు కూడ కలదు. 60 డిగ్రీల నీరు క్షణములలో చర్మమును కాల్చును, 50 చాలును. మామూలు అద్దము ఒకచోటికి, మరొకచోటికి 40 డిగ్రీల తేడా వచ్చినచో పగులవచ్చును; టఫెన్ చేసిన అద్దము అంతకు మించి ఓర్చును. చలి ఉదయమున ఒక్కసారిగా మరుగునీరు కొట్టుట, వేసవి మూడుగంటలవేళ పడమటి అద్దముపై చన్నీరు చల్లుట, రెండును ఒకే తప్పు. రంగు అద్దములకు ఈ భయ మెక్కువ. పగిలిన అద్దము ఖరీదు నెలరోజుల సంపాదనను మింగును.

ఇవన్నియు ఆలోచించి మేము చేసిన నిర్ణయ మిది. మొదటి ఏడు శుద్ధజల యంత్రము, నురుగు తొడిగిన తొట్టి, రాత్రి కాచు కాయిలు. కోదాడ, మిర్యాలగూడలలో నెలవారీ ఒప్పందములు కుదిరిన పిమ్మట ఇంజను వేడిని పట్టు పెట్టె. డీజిలు బర్నరు మాట ఇప్పుడు వద్దు. తొట్టి నిండిన రెండు వందల కిలోల బరువును దృష్టిలో నుంచుకొని, నీరు అటునిటు ఊగకుండ లోపల అడ్డుపలకలు.

అతడు లెక్క చూచుకొని, "అంటే మామా, సగం పైసలకే పని అయితది" అనెను. అప్పు కూడ సగమే గదా అంటిని. యంత్రము కొనువారు అంగడికి పోకముందు తమ అవసరమును కొలుచుకొనవలెను. ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు, ఏడాదిలో ఎన్ని దినములు, ఈ మూడు అంకెలు చేతిలో నున్నవానికి ఏ దుకాణదారుడును అక్కరలేని వస్తువు నంటగట్టలేడు.