సౌరఫలకాల క్రింది నేల



పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో తిరుమణి, వల్లూరు మొదలైన అయిదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలపై ‘శక్తిస్థల’ సౌరవిద్యుత్ పార్కు వ్యాపించి ఉన్నది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యాన్ని అందుకొన్నది. ఇక్కడ భూమిని కొనలేదు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి దీర్ఘకాలపు కౌలుకు తీసుకొన్నారు. అనగా, గడువు తీరిననాడు వేరుసెనగ పండిన ఆ ఎర్రనేల తిరిగి రైతుబిడ్డల చేతికి వస్తుంది. ఏ స్థితిలో వస్తుందన్నదే ప్రశ్న.

పొగ లేని పరిశ్రమ గనుక నేలకు హాని లేదనుకోవడం తొందరపాటు. చదును చేసినప్పుడు కదిలేది పైమట్టి. మెట్టభూమికి సారమంతా ఆ పలుచని పొరలోనే ఉన్నది. ఫలకాల అంచున ఒకే వరుసగా జారే వాననీరు నేలను కోస్తుంది. గట్లు పోతే వాటిమీది తంగేడు, తంగేటి పూలను నమ్ముకొన్న తేనెటీగలు కూడా పోతాయి.

మరొక మాట. కౌలు సొమ్ము పట్టాదారుకు అందుతుంది. కూలికీ, గొఱ్ఱెల కాపరికీ అందదు. అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో ఫలకాల నడుమ పెరిగే గడ్డిని గొఱ్ఱెలచేత మేపిస్తున్నారు. కలుపుమందు ఖర్చు తప్పుతుంది, పెంట నేలలో కలుస్తుంది. గొఱ్ఱెలకు కొదవలేని ఈ సీమలో ఆ పద్ధతి పరాయిది కానేరదు. నీటివాలుకు అడ్డంగా రాతికట్టలు వేసి, నాటుగడ్డి విత్తనాలు చల్లి, ఏటేటా మట్టిని పరీక్షించి ఆ ఫలితాన్ని భూమి గల రైతుకే చూపవలసి ఉన్నది.