విమానము దిగిన పిమ్మట

మోకాళ్లు పట్టుకొనిపోయినవారును, నడుమునొప్పిచే బాధపడువారును ఇక సైకిలు త్రొక్కుట మానవలసినదే యని మనము తలంచుచుందుము. అట్టివారికి అనుకూలమైన మూడుచక్రముల సైకిలొకటి పాశ్చాత్యదేశములలో వాడుకలో నున్నది. ముందు రెండు చక్రములు, వెనుక నొకటి. వాని నడుమ నేలకు జానెడు మొదలు మూరెడెత్తు వఱకు పడకకుర్చీవంటి ఆసనము. అందు చేరగిలబడి, కాళ్లు ముందునకు చాచి త్రొక్కుదురు. బండి నిలిపినపుడు కాలు క్రింద మోపవలసిన పని లేదు. ఇంగ్లాండులోని ఫాల్మత్‌లోను, జర్మనీలోని క్రిఫ్టెల్‌లోను గల కర్మాగారములవారు వీనిని మడచుటకు వీలగునట్లు చేసిరి. అందుచేత అఱువదియేండ్లు దాటిన దంపతులును రెండు బండ్లను విమానమున వేసికొని పరదేశమునకు పోయి, అచ్చటి పల్లెలు చూచి రాగలుగుచున్నారు.

ఈ యాత్రకు కావలసిన సన్నాహమును గూర్చి నేడు మీతో కొన్ని మాటలు మనవిచేసెదను.

సముద్రములు దాటించుట విమానము పని. విమానాశ్రయపు వాకిలినుండి బస వఱకు గల పది పదునైదు కిలోమీటర్లు దాటుట మన పని. యాత్ర చెడుట తఱచుగా ఇచ్చటనే. రాత్రివేళ, తెలియని యూర, రెండు పెద్దపెట్టెలును సంచులును ప్రక్కన బెట్టుకొని, వచ్చిన టాక్సీవాడెల్ల 'ఇవి పట్టవు' అని పోవుచుండగా నిలుచున్న వృద్ధుల యవస్థ నూహింపుడు.

మడత యను మాటను నమ్ముటయే దీనికి మూలము. మడచినపుడు బండి పొడవు తగ్గును. ముందుచక్రముల నడుమ యెడము మాత్రము తగ్గదు. అది సుమారు 75 సెంటీమీటర్లు. చక్రము లూడదీసినను అడ్డుకమ్మి వెడల్పు మిగిలియే యుండును. పెట్టెలో పెట్టిన పిమ్మట అట్టివి రెండు మామూలు కారు వెనుక అఱలో పట్టుట అరుదు. 'మా వద్ద రెండు మడతసైకిళ్లు కలవు' అని వ్రాసినచో బండివాడు చిన్నకారే పంపును. కావున పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు కొలిచి, పెట్టెలెన్ని, మనుష్యులెందఱు, విమానమేవేళ దిగును అను సంగతులు ముందుగా తెలిపి, వ్యాను పంపుదుమని జవాబు తెప్పించుకొనవలెను. ధాన్యము బస్తాలెత్తుటకు ముందు బండి తొట్టిని చూచుకొను రైతునకు ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు.

హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డాము నగరమునకు చేరువనున్న స్కిపోల్ విమానాశ్రయమును ఉదాహరణముగా గైకొందము. అది 1852వ సంవత్సరమున నీరు తోడి యెండగట్టిన గొప్ప సరస్సుయొక్క అడుగున, సముద్రమట్టమునకు క్రిందుగా నున్నది. చుట్టును మిట్టపల్లములు లేని నేల. సైకిళ్లకు ప్రత్యేకమైన బాటలు విమానాశ్రయము వఱకును కలవు. అచ్చటినుండి నగరపు నడిబొడ్డు సుమారు 15 కిలోమీటర్లు.

రైలుస్టేషను విమానాశ్రయము క్రిందనే యున్నది. అచ్చటి రైళ్లలో మడతసైకిలునకు రుసుము లేదు; కాని మడచిన పిమ్మట అది 45, 86, 80 సెంటీమీటర్ల కొలతకు మించరాదు. మన త్రిచక్రము ఈ కొలతలో నిముడదు. మడవని సైకిళ్లను, జూలై ఆగస్టు నెలలు తప్ప, పనిదినములలో ఉదయము 6-30 మొదలు 9 వఱకును, సాయంత్రము 4 మొదలు 6-30 వఱకును ఎక్కనీయరు. మూడుచక్రముల బండి మాట వేఱుగ అడిగి తెలిసికొనవలెను. కాళ్లక్రిందనే రైలున్నది గదా యని ధైర్యపడి వచ్చినవారు ఇచ్చట చిక్కుకొందురు.

ఐనచో విమానాశ్రయమునుండి త్రొక్కుకొనియే పోరాదా? పోవచ్చును. కాని ఖాళీపెట్టెల మాట యేమి? ఏఱు దాటి తెప్ప తగలవేసినవాడు మరల దాటవలసిన నాడు విచారించును. కావున మొదటిరాత్రియు, కడపటిరాత్రియు విమానాశ్రయమునకు దగ్గఱ నొకే బసలో నుండునట్లు ఏర్పాటు చేసికొనుట మేలు. పెట్టెలను తిరిగివచ్చువఱకు దాచుటకు బసవారి యంగీకారమును వ్రాతమూలమున పొందవలెను. వారి బస్సులో నవి పట్టునా యనియు అడుగవలెను. రాత్రి నిదురించి, పగటివెలుగున బండ్లు విప్పి, మరలు సరిచూచి బయలుదేరినచో తొందర యుండదు. ఒక యూర దిగి వేఱొక యూర విమానమెక్కు యాత్ర వినుటకు సొంపుగ నుండును. పెట్టెలు మాత్రము మొదటి యూరనే యుండిపోవును.

ఇక బరువు సంగతి. పెక్కు విమానసంస్థలు సామాన్యతరగతిలో ఒక్కొక్క సామానునకు 23 కిలోల హద్దు పెట్టినవి. 32 కిలోలు మించినదానిని, మోయువారి యారోగ్యమునకై, పలుచోట్ల స్వీకరింపరు. బండియే 15 మొదలు 20 కిలోల వఱకు నుండును గనుక, చోటున్నది గదా యని పెట్టెలో బట్టలు కుక్కరాదు. విద్యుత్తుచే నడచు బండియైనచో మఱొక చిక్కు. 160 వాట్-అవర్లకు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానమున తీసికొనిపోనీయరు. ఇట్టి బండ్ల బ్యాటరీలు సాధారణముగా అంతకు మించియే యుండును. దిగినచోట అద్దెకు దొరకునా యని ఇల్లు కదలకముందే విచారింపవలెను.

ఈ బండి మన పల్లెలలో కానరాదు. ఐనను పరదేశమందున్న బిడ్డలను చూడబోవు పెద్దలు నేడు మన యూళ్లలోను కలరు. వారిలో చక్రములకుర్చీ వెంట గొనిపోవలసినవారును కలరు. వారును విమానపు టిక్కెట్టు కొనుటకు ముందు, దిగిన పిమ్మట ఆ సామాను ఏ బండిలో, ఎవరి చేతిమీదుగా ఇల్లు చేరునో నిర్ణయించుకొందురు గాక.